యాభై సీసీల హక్కు

2025 సంక్రాంతికి ఆర్మూర్ పోయాను. ఆ రెండ్రోజులూ ఊళ్ళో ఎవరిని కదిలించినా పసుపు బోర్డు మాటే. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైందని టీవీల్లో చూపిస్తున్నారు. మా అక్కవాళ్ళింట్లో మాత్రం మాటంతా బండి గురించి.

మేనల్లుడికి పదిహేనున్నర. ఇంకో ఆర్నెల్లలో ఇంటర్‌లో చేరతాడు. బావ మస్కట్‌లో డ్రైవరు. కొడుకు పదో తరగతి పాసైతే బండి కొనిస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. పరీక్షలు ఇంకా రాయనేలేదు, పైసలు మాత్రం వచ్చేశాయి. అక్క ఆ పైసల్ని బ్యాంకులో అట్లే ఉంచి, నేను వచ్చేదాకా ఆగింది.

"తమ్మీ, నువ్వైతే సదువుకున్నోనివి. ఇప్పియ్యాల్నా వద్దా నువ్వే చెప్పు. నేను వద్దంటే వాడు అన్నం తింటలేడు. ఆయన్నడిగితే ఊర్ల అందరికీ ఉన్నయ్ గదా అంటుండు."

చదువుకున్నవాడు ఏం చేస్తాడు? ఫోన్ తీసి చట్టం వెతికాడు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 4. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపరాదు. ఆ వెంటనే ఒక మినహాయింపు: ఇంజన్ సామర్థ్యం 50 సీసీ మించని మోటారు సైకిల్‌ని పదహారు నిండినవాళ్ళు నడపవచ్చు. మేనల్లుడు నా భుజం మీంచి చదివి ఎగిరి గంతేశాడు. "మామా, ఇంకో ఆర్నెల్లే!"

సరే, 50 సీసీ బండి ఏముందో చూడరా అన్నాను. వాడు అరగంట వెతికాడు. స్ప్లెండర్ 97. యాక్టివా 109. ఆఖరికి ఊళ్ళో పాలవాళ్ళూ కూరగాయలవాళ్ళూ నడిపే ఎక్స్‌ఎల్ కూడా 99.7. ఏ షోరూములోనూ 50 సీసీ పెట్రోల్ బండి లేదు. చట్టం పదహారేళ్ళ పిల్లాడికి ఒక హక్కునిచ్చింది, దాన్ని వాడుకోడానికి బండి మాత్రం దొరకదు. వాడికి కోపమొచ్చింది, నాకు నవ్వొచ్చింది. తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ నవ్వు పోయి, ఇది ఇట్లా ఎందుకైందా అన్న ప్రశ్న మిగిలింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

*

ముందు మా ఊరి గురించి కొంత చెప్పాలి. ఆర్మూర్ రోడ్డు మీద బతికే ఊరు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే నిజాం కాలపు రైలు నిజామాబాద్ మీదుగా పోయింది. ఆర్మూర్‌కి మాత్రం రైలు 2017లో గానీ రాలేదు, పెద్దపల్లి-నిజామాబాద్ లైను పూర్తయ్యాక. అంటే వందేళ్ళకు పైగా పక్క ఊళ్ళో రైలు కూత వింటూ, మేం రోడ్డు మీద ఎదిగాం. కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. మా చిన్నప్పుడు దాన్ని ఏడో నంబరు అనేవాళ్ళం, ఇప్పుడు 44. నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా జగదల్‌పూర్ వైపు పోయేది 63, ఒకప్పుడు 16. రెండూ పెర్కిట్ దగ్గర కలుస్తాయి. అక్కడ నిలబడితే పంజాబు లారీ, తమిళనాడు లారీ, అంకాపూర్ నుంచి మక్కబుట్టల ఆటో, పసుపు బస్తాల ట్రాక్టరు అన్నీ ఒకే నిమిషంలో కనిపిస్తాయి.

హైదరాబాద్ రాజ్యంలో సర్కారు బస్సు మొదలైంది 1932లో. నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మా తాతల తరానికి మోటారు అంటే వేరేవాళ్ళు నడిపేది. ఖాకీ చొక్కా వేసుకున్న డ్రైవరు ఒకడుంటాడు, మనం ఎక్కి కూర్చుంటాం. స్టీరింగు మన చేతిలోకి రావడం చాలా తర్వాతి కథ.

ఆ కథ మా దగ్గర ట్రాక్టరుతో మొదలైంది. శ్రీరాంసాగర్‌కి నెహ్రూ పునాది వేసింది 1963లో. నీళ్ళొచ్చాక పసుపు పెరిగింది, పసుపుతో పైసలు, పైసలతో ట్రాక్టర్లు. పసుపు పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జనవరి నుంచి తవ్వుడు, ఉడకబెట్టుడు, కల్లంలో ఎండబోసుడు, డ్రమ్ముల్లో పాలిష్, ఆ తర్వాత బస్తాలు కట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకి. ఈ మూడు నాలుగు నెలలు ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ కావాలి. తండ్రి కల్లంలో ఉంటే ట్రాక్టరు ఎవరు నడపాలి? పద్నాలుగేళ్ళ కొడుకు. పొలంలో మొదలై, డొంక మీదికొచ్చి, ఓ రాత్రి హైవే ఎక్కుతాడు. "మావోడు పదమూడేండ్లకే ట్రాలీ రివర్స్ కొడ్తడు" అని తండ్రులు గర్వంగా చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ గర్వం ఉత్తదేం కాదు. ట్రాలీని రివర్స్ కొట్టడం నిజంగానే కష్టం.

రెండో అల గల్ఫ్ పైసలతో వచ్చింది. తండ్రి మస్కట్‌లోనో దుబాయిలోనో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. పక్కన లేని తండ్రి ఇవ్వగలిగింది వస్తువు ఒక్కటే. మా వైపు ఆ వస్తువు చాలా ఇళ్ళల్లో బండే.

*

ఇప్పుడు చట్టం. ఇంగ్లండులో 1903లో మోటారు కారు చట్టం వచ్చింది. కారు నడపాలంటే 17 ఏళ్ళు, మోటారు సైకిలుకి 14 చాలు. లైసెన్సుకి ఐదు షిల్లింగులు కట్టాలి, పరీక్ష లేదు. పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. అంటే ముప్పై రెండేళ్ళపాటు లైసెన్సు అంటే రసీదే.

ఇండియాకి మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. అది బ్రిటిష్ ఇండియాకి చేసింది, నిజాం రాజ్యానికి కాదు. అందులో వయసు 18 అని పెట్టారు. తమ పిల్లలకి పదిహేడు చాలన్నవాళ్ళు ఇక్కడ పద్దెనిమిది ఎందుకన్నారో నాకు ఆసక్తిగా అనిపించింది. నా ఊహ ఇది: ఇక్కడ మెజారిటీ వయసు 1875 చట్టం నుంచీ మామూలుగా పద్దెనిమిదే. సంతకం చెల్లే వయసు ఏదైతే, స్టీరింగు పట్టే వయసూ అదే అనుకొని ఉంటారు. డ్రైవింగ్ అనేది వాళ్ళకి ఒప్పందంలాంటి వ్యవహారం. ఒప్పందానికి వయసు చూస్తారు గానీ అనుభవం చూడరు.

ఆ చట్టంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. పద్దెనిమిది నిండనివాడు నడపకూడదు అన్నదానితోపాటు, బండి యజమాని నడపనివ్వకూడదు అని కూడా ఉంది. తండ్రి బాధ్యత అనేది 2019లో కొత్తగా కనిపెట్టింది కాదు, 1914 నుంచీ ఉన్నదే.

1939లో రెండో చట్టం వచ్చింది. పద్దెనిమిది అట్లాగే ఉంది. లారీలూ బస్సుల్లాంటి రవాణా వాహనాలకి ఇరవై పెట్టారు. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అన్న భాగం 1946లో అమల్లోకొచ్చింది. ఈ చట్టమే దాదాపు యాభై ఏళ్ళు నడిచింది.

ఈ యాభై ఏళ్ళలో ఇంకో సంగతి జరిగింది. 1972లో పుణె కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50. గేర్లు లేవు, క్లచ్ లేదు, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ పోవచ్చు. సైకిలుకీ మోటారు సైకిలుకీ మధ్య ఓ మెట్టు. మా ఊళ్ళో స్కూలు సార్లకీ, ఎల్‌ఐసీ ఏజెంట్లకీ, అడ్తి దుకాణం గుమాస్తాలకీ మొదటి బండి అదే.

1988లో మూడో చట్టం చేసినప్పుడు ఈ మెట్టుని చట్టంలో పెట్టారు. 1989 జులై 1న అమల్లోకొచ్చిన ఆ చట్టం, గేర్లు లేని మోటారు సైకిల్‌ని పదహారు నిండినవాళ్ళు నడపవచ్చు అంది. లెర్నర్ లైసెన్సుకి తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలంది. చదివితే మంచి ఆలోచనే అనిపిస్తుంది. కానీ "గేర్లు లేని" అన్న మాటలో చిక్కుంది. అప్పటికే కైనెటిక్ హోండా రోడ్ల మీదుంది. గేర్లు లేవు, కానీ 98 సీసీ. లూనా అనుకొని తెరిచిన తలుపులోంచి స్కూటరు దూరింది. 1994 సవరణలో ఆ మాట తీసేసి "50 సీసీ మించని" అని రాశారు.

చట్టం రాసినవాళ్ళు బండ్లు ఆగిపోతాయనుకున్నట్టున్నారు. బండ్లు ఆగలేదు. పొగ నిబంధనలు బిగిశాయి, చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్లు పోయాయి, కొనేవాళ్ళు ఇంకొంచెం జోరు అడిగారు. టీవీఎస్ 50 పోయి దాదాపు 70 సీసీ ఎక్స్‌ఎల్ సూపర్ వచ్చింది, ఆ తర్వాత ఎక్స్‌ఎల్ 100. 50 సీసీ వర్గం ఖాళీ అయింది. లైసెన్సు వర్గాల్లో ఆ పేరు మాత్రం ఇంకా ఉంది. మా పనిలో దీన్ని డెడ్ కోడ్ అంటాం. ప్రోగ్రాంలో ఆ లైను ఉంటుంది, ఎప్పటికీ నడవదు, తీసేయడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఇట్లా పోగొట్టుకున్నది ఒక మెట్టుని. సైకిలు నుంచి నేరుగా నూరు సీసీకి, ఇప్పుడైతే నూటయాభైకి. చిన్న బండి మీద తప్పులు చేసి నేర్చుకునే రెండేళ్ళు మాయమైపోయాయి.

*

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా రాద్దామని రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

నేను బండి నేర్చుకుంది పద్నాలుగేళ్ళప్పుడు, మా నాయన హీరో హోండా మీద, సిద్ధులగుట్ట కింది రోడ్డులో. ఎవరూ ఏమీ అనలేదు. నాకు వచ్చాక నా దోస్తుకి నేను నేర్పాను. వాడి పేరు ఇక్కడ రాయను. క్లచ్ ఎట్లా వదలాలి, గేరు ఎప్పుడు మార్చాలి, ఇద్దర్ని ఎక్కించుకుంటే బండి ఎట్లా లాగుతుంది, అన్నీ. నాలుగు సాయంత్రాల్లో నేర్చుకున్నాడు. నాకంటే బాగా నడిపేవాడు.

2006 ఎండాకాలం. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయింది, ఇద్దరికీ పదహారు. పక్క ఊళ్ళో పెళ్ళి బరాత్ చూసుకొని రాత్రి పదకొండు దాటాక వస్తున్నారు, వాడూ ఇంకో ఇద్దరూ, ఒకే బండి మీద. అప్పటికి హైవే మా దగ్గర ఇంకా నాలుగు లైన్లు కాలేదు. టైరు పంక్చరై పసుపు బస్తాల ట్రాలీ ఒకటి రోడ్డు వారన ఆగి ఉంది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. వెనక కూర్చున్న ఇద్దరూ బతికారు. ట్రాక్టరు నడిపిన పిల్లాడు కూడా మా ఈడువాడే. పొద్దున నేను పోయేసరికి బస్తాల్లోంచి పసుపు కొమ్ములు రోడ్డంతా ఉన్నాయి. ఆ పిల్లాడు వాటిని ఏరుతూ ఏడుస్తున్నాడు.

నేను ఆ రాత్రి బరాత్‌కి పోలేదు, జ్వరం. వాడికి గేర్లు నేర్పాను, చీకట్లో హెడ్‌లైటు ఎంతదూరం చూపిస్తుందో, ఆ దూరంలో బండి ఆగుతుందో లేదో నేర్పలేదు. నాకే తెలియదు. నాకు తెలియదన్న సంగతి కూడా తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళకి నాకు లైసెన్సు వచ్చింది. ఒక ఆఫీసు మైదానంలో పొద్దున పదింటికి, ఒక్కణ్ణే, ఎనిమిది అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా బండి తిప్పాను. రెండు నిమిషాల పని. ఆ రోజు నుంచి నేను అర్ధరాత్రి, ఇద్దరు దోస్తుల్లో ఒకణ్ణి వెనకేసుకొని, ఎన్ని సీసీల బండైనా, ఏ హైవే మీదైనా నడపడానికి అర్హుణ్ణి.

*

వాడి చావులో మూడు సంగతులున్నాయని చాలా ఏళ్ళకి గానీ నాకు అర్థం కాలేదు. కొత్త చెయ్యి, రాత్రి, వెనక దోస్తులు. ఈ మూడింటినీ విడదీసి ఆలోచించినవాళ్ళు ముందే ఉన్నారని కూడా అప్పుడే తెలిసింది.

అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు రోడ్డు భద్రతా పరిశోధన కేంద్రంలో పట్రీషియా వాలర్ అనే సైకాలజిస్టు 1970ల్లో ఒక మామూలు ప్రశ్న వేశారు. డ్రైవింగ్ అనుభవంతోనే వస్తుంది, ఆ అనుభవం వచ్చేలోపలే పిల్లలు చనిపోతున్నారు, మరి ఏం చేయాలి? ఆవిడ జవాబు: లైసెన్సుని ఒక్కసారిగా ఇవ్వకండి, విడతలుగా ఇవ్వండి. ముందు పెద్దవాళ్ళు పక్కనుంటేనే. తర్వాత ఒంటరిగా, కానీ పగలు మాత్రమే, దోస్తులు లేకుండా. కొన్ని నెలలు ప్రమాదం లేకుండా గడిస్తే, అప్పుడు పూర్తి లైసెన్సు.

అమెరికా ముందు పట్టించుకోలేదు. మొదట పూర్తిగా అమలు చేసింది న్యూజీలాండ్, 1987 ఆగస్టులో. అక్కడ అప్పుడు పదిహేనేళ్ళకే లైసెన్సు ఇచ్చేవాళ్ళు. వయసు పెంచకుండానే, రెండో దశలో రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా ఒంటరిగా నడపొద్దు, అనుభవమున్నవాళ్ళు పక్కన లేకుండా ఎవర్నీ ఎక్కించుకోవద్దు అన్నారు. అమెరికాలో 1996లో ఫ్లోరిడా మొదలుపెట్టింది. వాలర్ సొంత రాష్ట్రం నార్త్ కరోలినాలో 1997లో వచ్చింది. 2000లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, బండిలో తోటివాళ్ళు పెరిగేకొద్దీ పదహారు, పదిహేడేళ్ళ డ్రైవర్లు చనిపోయే ప్రమాదం మెట్లుమెట్లుగా పెరుగుతుందని లెక్క కట్టింది. పదహారేళ్ళ డ్రైవరుతో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే, ఒక్కడే ఉన్నప్పటికంటే రెండున్నర రెట్లు పైనే.

ఇదంతా మనకి కొత్త భాష కాదు. మా ఆఫీసులో కొత్త వెర్షన్ ఏదైనా ముందు నూటికి ఒకరికి, తర్వాత పదిమందికి, ఏమీ పగలకపోతే అప్పుడు అందరికీ ఇస్తాం. పేమెంటు బటన్ రంగు మార్చడానికి ఇంత జాగ్రత్త పడతాం.

న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఈమధ్య ఫోన్లో కూతురి గురించి గోడు వెళ్ళబోసుకుంది. పిల్లకి పదిహేడు, ప్రొబేషనరీ లైసెన్సు వచ్చింది. రాత్రి పదకొండు దాటాక నడపొద్దు, తల్లో తండ్రో లేనప్పుడు ఒక్కర్ని మించి ఎక్కించుకోవద్దు. 2010 నుంచి అక్కడ ఇంకో నియమం. ఇరవై ఒకటి నిండని, పూర్తి లైసెన్సు రాని పిల్లలు నంబరు ప్లేట్ల మీద ఎర్రటి స్టిక్కరు పెట్టుకోవాలి. ప్రమాదంలో పోయిన పదహారేళ్ళ అమ్మాయి పేరు మీద ఆ చట్టం వచ్చింది. "స్టిక్కర్ చూస్తే సిగ్గుగా ఉందంటోందిరా, తీసి దాచేస్తోంది" అంది అక్క. నేను నవ్వాను గానీ, ఆ సిగ్గు మా ఊరి పిల్లలకి కూడా రావాలని మనసులో అనుకున్నాను.

మన చట్టానికి ఈ ఆలోచన అసలు తట్టలేదని చెప్పలేం. లారీ నడపాలంటే ఇరవై ఏళ్ళుండాలి, ముందు ఒక ఏడాది తేలికపాటి వాహనం లైసెన్సు ఉండాలి. అది విడతల పద్ధతే. బతుకుతెరువు కోసం నడిపేవాడికి మెట్లు పెట్టిన చట్టం, సరదాకి నడిపే కుర్రాడికి పెట్టలేదు. లెర్నర్ లైసెన్సుతో నేర్పేవాళ్ళు వెంట ఉండాలన్న నిబంధన ఉంది. మోటారు సైకిలు మీద నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు? వెనక కూర్చుంటే బ్రేకు వాడి చేతికి అందదు. కారు ఊహించుకొని రాసిన నియమం అది. మన రోడ్ల మీద చచ్చిపోయేది బండ్ల మీద. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్ళే.

*

మెట్లు కట్టని చట్టం గోడ ఎత్తు పెంచింది. 2018లో హైదరాబాద్‌లో మైనర్లకి బండ్లిచ్చిన తల్లిదండ్రుల్ని కోర్టులు ఒకటి రెండు రోజుల చొప్పున జైలుకి పంపాయి. 2019 సవరణలో 199ఎ అనే సెక్షన్ వచ్చింది. మైనర్ నేరం చేస్తే సంరక్షకుడో బండి యజమానో దోషి. మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్సు లేదు. అంతకుముందు బండిచ్చిన యజమానికి జరిమానా వెయ్యి రూపాయలు.

ఈ సెక్షన్ని నేను మా అక్క కళ్ళతో చదివాను. బావ మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి బండి అక్క పేరు మీద ఉంటుంది. అక్కకి సైకిలు కూడా రాదు. పైసలు పంపింది బావ, నడిపేది కొడుకు, చట్టం ముందు నిలబడాల్సింది అక్క. తనకి తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకునే భారం కూడా ఆమెదే. అన్నం మానేసిన కొడుకు ముందు ఆమె ఏ జాగ్రత్త తీసుకోగలదు?

ఇంకా పెద్ద దెబ్బ బీమా దగ్గరుంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని సారాంశం: లైసెన్సు లేనివాడు గుద్దినా బాధితుడికి బీమా కంపెనీ ముందు చెల్లించాలి, లైసెన్సు లేదని తెలిసీ యజమాని బండిచ్చినట్టు తేలితే ఆ సొమ్ము అతని దగ్గర రాబట్టుకోవచ్చు. బాధితుడికి న్యాయమే. కానీ ఆ రాబట్టుకోవడం రెండెకరాల పసుపు రైతు దగ్గరికొస్తే ఏం పోతుందో నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళో బండి కొనేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేను ఇంతదాకా చూడలేదు.

గోడకి రెండో వైపు పుణె ఉంది. 2024 మే 19 తెల్లవారుజామున కళ్యాణినగర్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చనిపోయారు. బాలల న్యాయ మండలి మొదట ఇచ్చిన బెయిలు షరతుల్లో ఒకటి, ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశమంతా మండిపడ్డాక ఆ ఉత్తర్వు మారింది. ఆ వారం మా ఆఫీసులో ఆ 300 పదాల మీద జోకులే జోకులు. నాకు మాత్రం ఒక ఆలోచన వదల్లేదు. ఆ వ్యాసం రాయాల్సింది ప్రమాదం తర్వాతనా, ముందా? నా దోస్తుతో ఎవరైనా ముందే రాయించి ఉంటే, రాత్రి హెడ్‌లైటు గురించి ఒక్క వాక్యమైనా వాడు వెతికి ఉండేవాడు.

శిక్ష వద్దని కాదు. శిక్ష ఒక్కటే ఉంటే జరిగేదేమిటంటే, పద్దెనిమిది నిండేదాకా నేర్చుకోవడం దొంగతనంగా సాగుతుంది, నిండిన మర్నాడు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి. రోడ్డుకి పుట్టినరోజులు తెలియవు.

ఎదురు వాదన కూడా ఉంది, మేనల్లుడే చేశాడు. "కాలేజీ ఆరు కిలోమీటర్లు మామా. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అక్కకైతే ఫ్రీ." నిజమే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. వాడి అక్క బస్సులో పోతుంది, వాడికి బండి కావాలి. రోడ్ల మీద చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. బస్సుల సంఖ్య కూడా లైసెన్సు విధానంలో భాగమేనని నాకు వాడి మాటతో తట్టింది. వేళకి బస్సు లేని ఊళ్ళో "పద్దెనిమిది దాకా ఆగు" అనడం, అన్నం పెట్టకుండా ఉపవాసం మంచిదని చెప్పడంలాంటిదే. 1932లో ఆ 27 బస్సులు చేసిన పని ఇప్పుడు మా ఊరికి మళ్ళీ కావాలి.

*

బావకి ఫోన్ చేశాను. మస్కట్‌లో నీకు లైసెన్సు ఎట్లా వచ్చింది బావా అని అడిగాను. నవ్వాడు. ఇక్కడ పదేళ్ళు లారీ నడిపిన మనిషి, అక్కడ డ్రమ్ముల మధ్య రివర్స్ టెస్టులో రెండుసార్లు, రోడ్డు టెస్టులో ఒకసారి ఫెయిలయ్యాడు. "మూడు నెలలు తిప్పిండ్రు. అద్దంల చూసుడు రాదన్నరు నాకు. నిజంగనే రాదు, మన దగ్గర ఎవడు చూసిండు?" కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు, "సరే, ఆగమను వాణ్ణి. పైసలు మీ అక్క దగ్గర్నే ఉండనీ."

ఆగమంటే ఊరికే ఆగడు కదా. మేనల్లుడితో బేరం కుదుర్చుకున్నాను. పద్దెనిమిది దాకా రోడ్డు మీద బండి లేదు, కాలేజీకి సైకిలో బస్సో. పద్దెనిమిది తర్వాత మొదటి ఆర్నెల్లు చీకటి పడ్డాక వద్దు, వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు, హెల్మెట్ లేకుండా తాళం లేదు. చట్టంలో లేని నియమాలు. పోలీసులు చూడరు, అక్కే చూడాలి. న్యూజెర్సీలో కూడా చివరికి చూసేది ఇంట్లోవాళ్ళే. వాణ్ణే కాగితం మీద రాయమన్నాను. రాశాడు, కింద సంతకం పెట్టాడు, "మామ కూడా పెట్టాలె" అన్నాడు. పెట్టాను. ఇది మూడేళ్ళు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. దోస్తు బండి అడిగితే ఎవడైనా ఇస్తాడు, నేనూ ఇచ్చినవాణ్ణే.

చట్టం వద్దన్నది బహిరంగ స్థలంలో. సొంత కల్లం బహిరంగ స్థలం కాదు. మే నెలలో మళ్ళీ పోయాను. పసుపు అమ్ముడుపోయింది, కల్లం ఖాళీగా ఉంది. నేల మీద ఇంకా పసుపు రంగు పోలేదు. నాయన పాత ఎక్స్‌ఎల్ తీసి, పొద్దుగూకేదాకా ఆగి, కల్లం చివర ఒక ఖాళీ బస్తా నిలబెట్టాను. లైటు వేసుకొని రా, బస్తా కనబడ్డప్పుడే బ్రేకు కొట్టు, ఎక్కడ ఆగుతావో చూద్దాం అన్నాను.

మొదటిసారి బస్తాని గుద్ది ఇవతలికి వచ్చాడు. ఎక్స్‌ఎల్ కాబట్టి నవ్వుకున్నాం. రెండోసారి కూడా గుద్దాడు. ఆ తర్వాత నవ్వలేదు. నాలుగోసారికి బస్తాకి రెండడుగుల ఇవతల ఆగి, కాలు కింద పెట్టి, ఇంజన్ ఆపి అడిగాడు.

"మామా, నీకెవరు నేర్పిండ్రు ఇట్ల?"

ఎవరూ నేర్పలేదురా అన్నాను. బస్తాని ఇంకో పదడుగులు ముందుకి జరిపి, మళ్ళీ రమ్మన్నాను.